నీ పేరే నోటికొచ్చింది

చిన్నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ రోజు ఆదోని వెళ్లి వీలునామా రాయించాను. నా పిల్లలిద్దరికీ తల్లి ఎలాగూ లేదు, రేపు నాకేమైనా అయితే ఎవరో ఒకరుండాలి కదా.

"పిల్లోళ్లకు గార్డియన్ ఎవురప్పా?" అని దస్తావేజు రాసే ఆయన అడిగాడు. ఆలోచించకుండా నీ పేరే చెప్పాను. ఆయన కలం సిరాలో ముంచాక గాని నువ్వు లేవని గుర్తుకు రాలేదు. సిగ్గేసింది. నీ కూతురు రంగమ్మక్క పేరు రాయమన్నాను.

"మగోళ్లు ఎవురూ లేరా?"

"నన్ను సాకిన ఇంటి మనిషి సామీ. రాయి" అన్నాను.

సాయంత్రం నందవరం వెళ్లి అక్కకు చెప్పాను. మగ్గం ఆపి విన్నది. ఇంటి మాట, పొలం మాట ఎత్తలేదు.

"అమ్మ లేదు గదా, సిన్నోడు ఇప్పుడు ఎవరి కొంగు పట్టుకొని పండుకుంటాండాడప్పా?" అని అడిగింది.

నా చిన్నప్పుడే, అమ్మ పోయాక, మా నాన్న ఏ కాగితమూ రాయకుండానే పోయాడు. ఆ రోజు బంధువులంతా ఇంటి గురించి, మగ్గాల గురించి మాట్లాడుతుంటే, నా గురించి ఇదే మాట అడిగినవాడివి నువ్వొక్కడివే. నీ పంచె చెంగు నా చేతికిచ్చి, పక్కన పడుకోబెట్టుకున్నావు.