పద్నాలుగు శాతం ఎక్కడికీ పోలేదు

బావా,

పాలు కాచాను, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు. బీపీ మాత్ర గడియారం పక్కనే ఉంది, తిన్నాక వేసుకో. ఉప్పు డబ్బా దాచేశాను, వెతక్కు.

ఇక అసలు సంగతి! పొద్దున్నే నీ రిపోర్టు పట్టుకుని క్లినిక్ నర్సుకి ఫోన్ చేశాను. "నా గుండెలో పద్నాలుగు శాతం పోయిందట, మిగిలిన ఎనభై ఆరూ నీదే" అని రాత్రి నువ్వు గంభీరంగా చెబితే నేను వెక్కివెక్కి ఏడ్చాను కదా. అది విని ఆవిడ పడీపడీ నవ్వింది.

"పోవడమేంటమ్మా! మీ ఆయనలాంటి వాళ్ళు వందమంది ఉంటే, పదేళ్ళలో పద్నాలుగు మందికి గుండెజబ్బు రావచ్చని దానర్థం. సిగరెట్ మానేస్తే ఆ ముప్పు బాగా తగ్గుతుంది. హాయిగా మెట్లెక్కమను."

అంటే ఇప్పటికి ఏమీ పోలేదు బావా! ఆ సంతోషంలో వంటింట్లో గిర్రున తిరిగి కప్పు పగలగొట్టాను. నీ కప్పే. అయినా నువ్వు లేవలేదు.

ఆ రిపోర్టు వచ్చినప్పటి నుంచి, నాలుగు రోజులుగా గాజుబొమ్మలా లిఫ్టులో తిరుగుతున్నావు, నాతో మెట్ల పందెం ఎగ్గొడుతున్నావు. ఇక కుదరదు. ఆరింటికి ఆఫీసు నుంచి వస్తాను, కింద మెట్ల దగ్గర నిలబడు.

నీ రెయిన్‌కోటు జేబులో దొరికిన సిగరెట్ పెట్టె బల్ల మీద పెట్టాను. నేను పారేస్తే నువ్వు ఇంకోటి కొంటావు. అందుకని నువ్వే పారెయ్యి. ఆ పద్నాలుగు మందిలో నువ్వు ఉండకూడదు.

ఇంకొక్క మాట, చోటు చాలక ఈ అంచున రాస్తున్నాను: ఎనభై ఆరుతో నేను సరిపెట్టుకోను. నాకు నూరూ కావాలి.