అరవై అంగుళాల భాష

జూన్ 4
ఇది రాయకూడదనే అనుకున్నాను. డైరీ రాసేవాళ్ళంతా దాన్ని ఎవరో ఒకరు దొంగచాటుగా చదవాలని ఆశపడేవాళ్ళేనని నా అభిప్రాయం. కానీ ఊరికే కూర్చుంటే తోచడం లేదు.

పద్దెనిమిదిన బావకి గొంతు ఆపరేషన్. ప్రాణభయం లేదు గానీ గొంతు మాత్రం తిరిగి రాదని డాక్టర్ తేల్చేశాడు. బావ టైలర్. బడి మొహం చూడలేదు. అంకెలు వచ్చు, అక్షరాలు రావు. ఈ రెండు వారాల్లో ఓనమాలు దిద్దిస్తానంటే, డెబ్భై నాలుగేళ్ళవాణ్ణి పలక పట్టిస్తావా, గిరాకీలు నవ్విపోతారు అన్నాడు.

అందుకని ఆయన కోసం ఒక కొత్త భాష కనిపెట్టాలని నిర్ణయించాను. ప్రెస్సులో ముప్పై ఏళ్ళు అక్షరాలు పేర్చినవాణ్ణి, ఆ మాత్రం చెయ్యలేనా?

అక్కతో చెప్పాను. కుట్టు విప్పుతూ, తల ఎత్తకుండానే, నీకు పనీపాటా లేదురా అంది.

జూన్ 6
గొప్ప ఆరంభం. చిటికెలు, చప్పట్లు, బల్ల మీద దరువులు. విభక్తులు ఎనిమిదీ సిద్ధం. కాలాలు మూడూ సిద్ధం.

వ్యాకరణం నాకు కొత్త కాదు. ఒక పండితుడి వ్యాకరణాన్ని నాలుగొందల పేజీలు నేనే కంపోజ్ చేశాను. ఆయన ప్రూఫు కాగితం మీదే టీ గ్లాసు పెట్టేవాడు. గుండ్రటి మరక పడితే, దిద్దుబాటు కాబోలనుకుని అక్కడ ఒక సున్నా పేర్చేశాను. పుస్తకం మూడుసార్లు అచ్చయింది. ఆ సున్నాని ఆయనతో సహా ఎవరూ పట్టుకోలేదు.

సాయంత్రం బావకి మొదటి పాఠం. అంతా విని, మంచినీళ్ళు కావాలంటే ఎలా అడగాలి అన్నాడు. అప్పుడు చూసుకున్నాను. విభక్తులన్నీ ఉన్నాయి, మాట ఒక్కటీ లేదు.

జూన్ 7
మంచినీళ్ళకి ఏడు చిటికెలు పెట్టాను. నాలుగో చిటికె దగ్గర బావ లేచి వెళ్ళి తాగి వచ్చాడు.

జూన్ 9, ఉదయం పది
దారి బావే కనిపెట్టాడు. ఒప్పుకోవడం కష్టంగానే ఉంది.

ఆయన మెడలో టేపు ఎప్పుడూ ఉంటుంది. అరవై అంగుళాలు. కళ్ళు మూసుకుని కూడా ఏ అంకె మీదైనా బొటనవేలు పెట్టగలడు. మనుషుల పేర్లు మర్చిపోతాడు గానీ కొలతలు మర్చిపోడు. మరి అంకెలే మాటలు ఎందుకు కాకూడదు అన్నాడు.

నలభై నాలుగు: ఒక కాంట్రాక్టరు నడుము. కుట్టిన ప్యాంటు తీసుకెళ్ళడానికి ఎప్పుడూ రేపు వస్తానంటాడు. కాబట్టి, రేపు.
పదహారున్నర: లెక్కల మాస్టారి మెడ. షాపులోకి రాగానే ఫ్యాన్ తగ్గించమంటాడు. కాబట్టి, ఫ్యాన్ తగ్గించు.
అరవై, అంటే చివరి ఇత్తడి ముక్క: ఇక చాలు, వెళ్ళు. దీన్ని నా మీదే మొదట వాడాడు.

నా విభక్తులు చెత్తబుట్టలోకి పోయాయి.

జూన్ 12
ముప్పై ఒక్క మాటలయ్యాయి. జాబితా రాసి అక్కకి ఇచ్చాను. చూడను కూడా చూడలేదు. దాంట్లో గుండీలు పొట్లం కట్టింది. ఆయన మాట్లాడతాడు, డాక్టర్లు చెప్పినవన్నీ జరుగుతాయేమిటి అంది.

ఆమె మిషన్ దగ్గరికి వెళ్ళాక బావ గొంతు తగ్గించి, నీతో మాట్లాడి నాకు ఒరిగేదేముందిరా, మీ అక్క నేర్చుకోకపోతే నేను మూగవాణ్ణే కదా అన్నాడు. నాకు కోపం రాలేదు. నిజమే చెప్పాడు.

జూన్ 14
అక్కకి ఏ అంకె అని బావని అడిగాను. ఆలోచించనైనా లేదు. ఇరవై ఆరు అన్నాడు. పెళ్ళికి ముందు అక్క ఆయన దగ్గర కుట్టించుకున్న మొదటి జాకెట్టు నడుము కొలత అట. ఆ జాకెట్టు రెండుసార్లు విప్పి కుట్టాడట. సరిపోక కాదు, మళ్ళీ వస్తుందని.

వెనక మిషన్ కాసేపు ఆగింది. మళ్ళీ నడిచింది.

జూన్ 17
బావ ఇవాళ అక్కని ఏ పనీ లేకుండా నాలుగుసార్లు పిలిచాడు. నాలుగుసార్లూ వచ్చింది. ఏమిటి అని మాత్రం అడగలేదు.

జూన్ 18
ఆపరేషన్ అయింది. బాగానే జరిగిందన్నారు.

జూన్ 20, సాయంత్రం నాలుగు
అక్క సంచీలోంచి టేపు తీసి ఆస్పత్రి మంచం మీద పరిచింది. బావ బొటనవేలు ఇరవై ఆరు మీద పెట్టాడు.

అక్క కళ్ళజోడు పెట్టుకుని చూసింది. ఆ వేలు పట్టుకుని ముప్పై ఎనిమిది దాకా, తన ఇప్పటి కొలత దాకా, జరిపి, అక్కడ నొక్కి వదిలింది.

కొంచెంసేపయ్యాక బావ పదహారున్నర చూపించాడు. అక్క లేచి ఫ్యాన్ తగ్గించింది.