ఈరన్న ముందు ప్రమాణం

కోసిగి పెద్దమనిషి ఓబన్న పెద్దనాయనకు నమస్కారం.

ఫోన్ చేస్తే మీరు స్పీకర్‌లో పెడతారు. పక్కన ఎవరు వింటున్నారో నాకు తెలియదు. అందుకే కూలికొచ్చిన గుంటూరు మిరపచేల నుంచి ఈ ఉత్తరం.

నాయన పోయేటప్పుడు నోటిమాటగా చేనంతా తనకే ఇచ్చిపోయినాడని మా అన్న అయ్యన్న అంటున్నాడు. కూతురికీ సమాన వాటా ఉందని ఆదోని వకీలు చెప్పాడు. మీరేమో "కోర్టు యాలమ్మా, ఉరుకుంద ఈరన్న ముందర ప్రమాణం సేస్తే ఆడే తేలిపోతాది" అన్నారు. అన్న వెంటనే ఒప్పుకున్నాడు. ఎందుకంత తొందర? చర్చిలో చేరిన రోజే ఇంట్లో ఈరన్న పటాన్ని నా చేతిలో పెట్టి పంపిన మనిషి. తాను నమ్మని దేవుడి ముందు అబద్ధానికి భయమేముంది?

"నువ్వు బైబిల్ మీద ప్రమాణం సెయ్యి" అని అన్నను అడిగాను.

"మా దేవుడు ఒట్టు పెట్టుకోవద్దని సెప్పినాడు" అన్నాడు.

మరి ఉరుకుందలో పెట్టేది ఒట్టు కాదా?

సరే, ఏ ఒట్టూ వద్దు. నాయన పోయేటప్పుడు మంచం దగ్గర వదిన కృపమ్మ కూడా ఉంది. ఆమెది నిజమైన భక్తి. ఆదివారం ప్రార్థన కాగానే, నాయన ఏమన్నాడో ఆమెనే చెప్పమనండి. అన్న మాటే నిజమంటే నా వాటా వదులుకుంటాను.

ఆమెను అడిగేటప్పుడు మాత్రం నాకు ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టండి.

మీ తమ్ముడి కూతురు