కోడికూర మానిన కోపం

ఏమయ్యా, నేను చర్చిలో ఆడోళ్ళ కూటానికి పోతుండా. పొయ్యి మీద కోడికూర, పక్కన సంగటి ఉండాయి. తినేసి, వడమాలపేటకు పోయి కోడల్ని పిలుచుకొని రా.

ఈస్టర్ ముందు శ్రమదినాలని నువ్వు మాంసం మానినప్పటినుంచి ఇంట్లో మనుషుల్నే నంజుకుంటా ఉండావు. చారు కొంచెం చప్పగా ఉంటే, "మీ నాయనింట్లో ఉప్పు వాడరా?" అంటారా ఎవరైనా? పాపం ఆ పిల్ల, "అత్తా, ఈస్టర్ అయినాక వస్తాలే" అని సంచి సర్దుకొని పుట్టింటికి పోయింది.

నీ బదులు నేను మాంసం ముట్టనని ప్రార్థన చేసుకున్నా. నువ్వు తిను, కోపం ఒక్కటి మానుకో. నీకిష్టమని మిరియాలు దండిగా వేసినా.

తిన్నాక నోరు బాగా పుక్కిలించి పో. మీ వియ్యంకుడు కూడా మాంసం మానినాడు. వాసన తగిలిందంటే నిన్నే నంజుకుంటాడు, కోడలొక్కతే ఇంటికి తిరిగొస్తుంది.