వరుస నంబరు ఐదు: అక్క

పరికరాల విభాగం గుమాస్తాగారికి,
కొండ మీది అడవి పంట సంఘం అధ్యక్షుడు నమస్కారాలతో రాసేది.

మీరు పంపిన మొదటి విడత డబ్బు చేరింది. ఊరుమ్మడి వంటశాలకు కప్పు వేసుకున్నాం. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ముప్పై ఎనిమిది మంది, అంటే ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, బడిపిల్లలు, ఒక్కచోట కూర్చుని అడవిలో దొరికిందే కడుపునిండా తింటున్నారు. దుంపలు, ఆకుకూరలు, పుట్టగొడుగులు, ఏటి చేపలు, అప్పుడప్పుడు తేనె. వాన మొదలైతే మీ బియ్యం లారీ మూడు నెలలు మా కొండ ఎక్కదు. అడవికి సెలవులు లేవు గదా.

వానలకు ముందే రెండో విడత వస్తే దుంపలు ఎండబెట్టి దాచుకునే గది కట్టుకుంటాం. రాకపోతే వానాకాలమంతా వంటశాలకు తాళమే. కాబట్టి మీ ఫారం ఆలస్యం చేయకుండా నింపి పంపుతున్నాను. "సేకరణకు వాడే పరికరాలన్నీ రాయండి, ఏది లేకపోతే పని ఆగిపోతుందో దాని పక్కన చుక్క పెట్టండి" అన్నారు. రాశాను:

1. గునపాలు – పన్నెండు
2. బుట్టలు – ఇరవై
3. వలలు – నాలుగు
4. పడవ – ఒకటి (చిల్లు ఉంది)
5. అక్క – ఒకటి ★

అక్క అంటే మా సొంత అక్కే. డెబ్బై ఒకటో ఏడు. ఏ తీగ కింద దుంప ఉందో, ఏ పుట్టగొడుగు కూరకు పనికొస్తుందో, ఏది తింటే మనిషి పైకి పోతాడో ఆవిడకే తెలుసు. గునపం విరిగితే కర్రతో తవ్వుకుంటాం. అక్క లేకపోతే రాళ్ళు తవ్వుకుంటాం.

ఇట్లు,
అధ్యక్షుడు

తా.క.: వయసులో ఉన్నప్పుడు అక్క చాలా అందగత్తె అని అందరూ అంటారు. ఫారంలో ఆ గడి లేదు గనుక ఇక్కడ రాశాను.

*

అధ్యక్షులవారికి,
పరికరాల విభాగం గుమాస్తా వ్రాయునది.

మీ ఫారం అందింది. దస్తూరీ ముత్యాల్లా ఉంది. మా ఆఫీసుకు వచ్చే కాగితాలన్నీ ఇలా ఉంటే నా కళ్ళజోడు ఇంత మందం అయ్యేది కాదు.

ఒక చిన్న చిక్కు వచ్చి పడిందండీ. మా మేడమ్ చదవకుండా సంతకం పెట్టారు. నేను ఆలోచించకుండా రిజిస్టరులో ఎక్కించాను. అక్క అంటే మనిషని నాకు తెలుసు, మేడమ్‌కీ తెలుసు. రిజిస్టరుకు తెలియదు. సిరా ఆరాక ఒక వరుస కొట్టివేయడానికి మా ఆఫీసులో దేవుడికి కూడా అధికారం లేదు. కొట్టివేస్తే లిస్టు మొత్తం మళ్ళీ మొదటి నుంచి, అంటే వచ్చే ఏడాదికి.

అందుకని పోనీలెమ్మని అక్కగారిని రిజిస్టరులోనే ఉండనిద్దాం. మిగతా పరికరాలకు చేసినట్టే తెల్ల పెయింటుతో, అందరికీ కనిపించేచోట "ప/5/1" అని నంబరు వేసి, ఫోటో రెండు కాపీలు పంపండి. అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

ఇట్లు, మీ మేలు కోరే
గుమాస్తా

తా.క.: మా ఇంట్లో కూడా ఒక అత్తగారున్నారు. ఆవిడకు నంబరు వేయమని ఇంతవరకూ ఏ ఆఫీసూ నన్ను ఆదేశించలేదు. నేను అదృష్టవంతుణ్ణి.

*

దయగల గుమాస్తాగారికి,
అధ్యక్షుడు రాసే సంగతి.

నంబరు వేయించాం. ఎక్కడ వేయాలన్న దాని మీద ఊరంతా ఒక పూట కూర్చుని వాదించుకుంది. నుదుటి మీద అయితే బాగా కనబడుతుందని మా బావ అన్నాడు. ఆయన ఇప్పటికీ చెవి తడుముకుంటున్నాడు. చివరికి అక్కే తన చేతికర్ర ముందుకు చాపి, "దీని మీద వెయ్యండి. నేనెక్కడుంటే ఇదీ అక్కడే" అంది. పెయింటు రెండుసార్లు పూయించుకుంది. ఐదు అంకె తోక సరిగా తిరగలేదని మూడోసారి కూడా దిద్దించింది.

మీకో మాట చెప్పాలి. ఇంతవరకూ ఏ ఆఫీసు కాగితంలోనూ అక్క సరిగా పడలేదు. జనాభా లెక్కల్లో వదిలేశారు. ఓటర్ల జాబితాలో మగవాడన్నారు. మీ రిజిస్టరులోనే మొదటిసారి, అదీ చుక్కతో సహా ఎక్కింది. అప్పట్నుంచి కాలు నేల మీద ఆనడం లేదు. పక్క ఊరి చుట్టాలొస్తే ముందు కర్ర చూపించి, తర్వాతే మంచినీళ్ళిస్తోంది.

రెండో విడత త్వరగా పంపించండి. పడమటి వైపు మబ్బు కడుతోంది.

ఇట్లు,
అధ్యక్షుడు

తా.క.: ఫోటోలో మధ్యన ఉన్నది అక్క. పక్కన సగం తెగిన తల నాది. మళ్ళీ తీయిద్దామంటే, నష్టమేమీ లేదని అక్క అంది.

*

అధ్యక్షులవారికి,
గుమాస్తా, తల వంచుకుని.

ఈ ఉత్తరం మూడు రోజులు సొరుగులో పెట్టుకుని తిరిగానండీ. రాయక తప్పడం లేదు.

ఫోటో తనిఖీ విభాగానికి వెళ్ళింది. వాళ్ళు "తయారై ఎన్నేళ్ళయింది" అనే గడి చూశారు. డెబ్బై ఒకటి. పదిహేనేళ్ళు దాటిన పరికరాన్ని రద్దు చేయాలన్నది రూలు. రద్దు చేసి, హెడ్డాఫీసు గిడ్డంగికి అప్పగించి, రసీదు పుచ్చుకోవాలి. దాని స్థానంలో కొత్తది కొనడానికి మూడు కొటేషన్లు పంపాలి. ఇవన్నీ అయ్యేదాకా రెండో విడత ఆపమని రాశారు.

ఇది మనిషి మహాప్రభో అని వెళ్ళి మొత్తుకున్నాను. "అయితే పరికరాల రిజిస్టరులో ఎవరు ఎక్కించారు?" అని అడిగారు. ఎక్కించినవాణ్ణి నేనే గదా, వచ్చిన దారినే వెనక్కి వచ్చేశాను.

గిడ్డంగి నేను స్వయంగా చూసివచ్చాను. రెండు విరిగిన కుర్చీలు, ఒక పాత టైపు మిషను ఉన్నాయి. కిటికీ ఉంది. గాలి బాగానే వస్తుంది. ఈ వాక్యం ఎందుకు రాశానో నాకే తెలియదు. క్షమించండి.

ఇట్లు,
గుమాస్తా

తా.క.: పదిహేనేళ్ళు దాటితే పనికిరానట్టయితే, నాకు యాభై మూడు. ఈ సంగతి తనిఖీ విభాగం చెవిన వేయకండి.

*

గుమాస్తాగారికి,
అధ్యక్షుడు, చాలా విచారంతో.

మీరడిగిన మూడు కొటేషన్లు ఇవిగో.

మొదటిది, ఏటి అవతల ఉండే పిన్ని. అరవై ఎనిమిదేళ్ళు. దుంపల సంగతి తెలుసు. పుట్టగొడుగుల సంగతి అడిగితే "తిని చూస్తే తెలుస్తుందిగా" అంటోంది.

రెండోది, మా వదిన. గంట నడుస్తుంది, మూడు గంటలు మాట్లాడుతుంది. ఈ రెండూ విడివిడిగా దొరకవు.

మూడోది, కొండ కింద దుకాణం ఆవిడ. అందరికంటే చవక. కానీ అడవిలోకి రాదట. అడవినే దుకాణం దగ్గరికి తెమ్మంది.

ఇక అక్క సంగతి. మీ ఉత్తరం చదవగానే కర్ర ఒళ్ళో పెట్టుకుని మంచమెక్కి కూర్చుంది. "రద్దయిన సరుకు నడవకూడదు. నడిస్తే రూలు తప్పినట్టు" అంది. నాలుగు రోజులైంది, అడుగు కదపలేదు. నేనే మగధీరుడిలా అడవికి వెళ్ళి బుట్టెడు పుట్టగొడుగులు తెచ్చాను. అక్క మంచం మీది నుంచే ఒక్క చూపు చూసి, బుట్టతో సహా పొయ్యిలో పారేయించింది. మధ్యాహ్నం ముప్పై ఎనిమిది మందీ వచ్చి, ఖాళీ గిన్నెలు చూసి, నా మొహం చూసి వెళ్ళిపోతున్నారు. ఏ చూపు నయమో చెప్పలేను.

ఫారంతో పాటు మీరు పంపిన రూల్సు పుస్తకం పదకొండో పేజీ అడుగున, చీమ తలంత అక్షరాల్లో ఒక మాట ఉంది: "రద్దు చేయుటకు ముందు పరికరము పనిచేయుచుండగా ఒక ఉద్యోగి స్వయముగా చూడవలెను." మీరు రావాలి. మీరు చూస్తానంటే నడుస్తానని అక్క ఒప్పుకుంది.

ఇట్లు,
అధ్యక్షుడు

తా.క.: చెప్పులు వద్దు, బూట్లు వేసుకుని రండి. గిడ్డంగి కిటికీ ఏ దిక్కున ఉందో కనుక్కోమని అక్క చెప్పింది.

*

అధ్యక్షులవారికి,
గుమాస్తా, ఒళ్ళు నొప్పులతోను, సంతోషంతోను.

మేడమ్‌కు పదకొండో పేజీ చూపించాను. ఇరవై ఏళ్ళుగా ఆ పుస్తకం మీద టీ గ్లాసు పెట్టుకుంటున్నాం గానీ, ఆ పేజీ ఎవరూ చదవలేదట. వెంటనే పంపారు.

మీ కొండ ఎక్కేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అక్కగారు ముందు కర్ర ఊపుకుంటూ వెళ్తున్నారు. వెనక ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న ఇద్దరమ్మాయిలు, వాళ్ళ వెనక మీరు, చివర నేను, నా ఆయాసం. ఎండిపోయిన తాడులా ఉన్న తీగ దగ్గర ఆగి కర్రతో తట్టారు. అమ్మాయిలను అడిగారు, "ఉందా?" అని. "ఉంది" అన్నారు వాళ్ళు. "అయితే గుమాస్తాగారిని తవ్వమనండి" అన్నారు. తవ్వాను. నా చెయ్యంత దుంప! నేను మొత్తం లాగబోతే కర్రతో నా మణికట్టు మీద ఒక్కటి వేశారు. తీగతో ఉన్న కొస మళ్ళీ మట్టిలో పెట్టించి, పైన ఆకులు కప్పించి, "వచ్చే ఏడాదివాళ్ళు కూడా తినాలి బాబూ" అన్నారు. ముప్పై ఏళ్ళుగా సేకరణ పథకాల ఫైళ్ళు చూస్తున్నాను. సేకరణ అంటే ఏమిటో ఆ రోజే నాకు తెలిసింది.

మధ్యాహ్నం మీ అందరితో నేల మీద కూర్చుని తిన్నాను. ఇంకొంచెం వడ్డించమని నేనే అడిగాను. మా ఇంట్లో ఆ మాట అని పదేళ్ళయింది. దయచేసి ఇది మా ఇంటికి రాయకండి.

నివేదికలో "పనితీరు: తనిఖీ చేసిన ఉద్యోగి కంటే మెరుగు. రద్దు చేయనవసరం లేదు" అని రాశాను. మేడమ్ చదివి పకపకా నవ్వారు. రెండో విడత నిన్ననే వెళ్ళింది. అంతేకాదు, వచ్చే ఏడాది నుంచి ఫారంలో కొత్త గడి వస్తోంది: "దారి తెలిసినవారు, వారి దగ్గర నేర్చుకొనువారు." అక్కగారికీ ఆ ఇద్దరమ్మాయిలకూ నెలనెలా జీతం.

ఒక్కటే అర్థం కాలేదండీ. ఉత్తరాల్లో అంత గడుసుగా మాట్లాడే మీరు నేనున్న రెండు రోజులూ "ఊఁ", "ఆఁ" తప్ప పెదవి విప్పలేదు. నేనిచ్చిన కాగితం తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చదివారు. నా ముందు అంత మొహమాటమా?

ఇట్లు, మీవాడు
గుమాస్తా

తా.క.: నా గొడుగు మీ వంటశాలలో మరిచిపోయాను. దొరికితే ఎవరితోనైనా పంపండి.

*

తమ్ముడూ,
వరుస నంబరు ఐదు, అంటే అక్క, ఆశీర్వదించి రాసేది.

మావాడికి మొహమాటమూ లేదు, మన్నూ లేదు. వాడికి సంతకం తప్ప చదువు రాదు. ఎవరు కాగితం చూపించినా సంతకం గీసేస్తున్నాడని నేనే అరవయ్యో ఏట రాత్రిబడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. ఈ ఉత్తరాలన్నీ రాసింది నేనే. వాడు కింద సంతకం గీసి, పైన ఏముందని కూడా అడగలేదు. అందగత్తె ముక్క కూడా నేనే రాశాను. అది మాత్రం నిజం, ఎవరినైనా అడుగు.

ఆ ఇద్దరమ్మాయిలు నా వెంట తిరుగుతూ ఉంటే ఇంట్లో కూలి డబ్బులు పోతున్నాయి. కొండ దిగి పనికి పొమ్మని వాళ్ళవాళ్ళు పోరు పెడుతున్నారు. వాళ్ళు పోతే, నేనూ పోతే, ఈ అడవిలో తిండి ఉండీ లేనట్టే. వాళ్ళకు జీతం ఇవ్వండని మూడేళ్ళు మీ ఆఫీసుకు రాశాను. మూడుసార్లూ ఒకటే జవాబు: "మీరు కోరినదానికి ఫారములో గడి లేదు." ఆ మూడు జవాబులూ దాచిపెట్టాను. కింద సంతకం నీదే.

గడి లేదంటే ఏం చేస్తాను? ఉన్న గడిలోకే దూరాను. సరిగ్గా రాస్తే జవాబిచ్చి ఊరుకుంటారు. తప్పుగా రాస్తే మనిషిని పంపిస్తారు. నువ్వొచ్చావు.

ఒకటి ఒప్పుకుంటాను. గిడ్డంగి మాట చదివినప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మూడు కొటేషన్లు రాశాను, నువ్వు నవ్వితే చాలనుకుని. నువ్వు కిటికీ చూసొచ్చావు చూడు, అప్పుడే అనుకున్నాను, వీడు మంచివాడని. ఖాళీ గిన్నెల సంగతి కొంచెం ఎక్కువ చేసి రాశాను, ఏమనుకోకు. నేను మంచమెక్కిన నాలుగు రోజులూ అమ్మాయిలిద్దరే అడవికి వెళ్ళి తెచ్చారు. బుట్టలన్నీ తిరగేసి చూశాను. ఒక్క ఆకు తప్పు లేదు. నా కళ్ళు చల్లబడ్డాయి తమ్ముడూ.

గది గోడలు లేచాయి. పైకప్పు రేపు వేస్తారు. మబ్బు ఇంకా ఏటి అవతలే ఉంది.

ఆశీస్సులతో,
అక్క

తా.క.: గొడుగు దొరికింది గానీ పంపలేను. కొత్త ఫారం నింపుతూ ఆరో నంబరులో "గుమాస్తా – ఒకటి ★" అని రాశాను. గొడుగు మీద "ప/6/1" అని పెయింటు కూడా వేయించాను, ఇంకా ఆరలేదు. పదిహేనేళ్ళు ఎప్పుడో దాటిందనుకో. అయినా నీలాంటిదానికి మూడు కొటేషన్లు నేనెక్కడ తెస్తాను? ఇదే ఉంచుకుంటాం. ఏడాదికోసారి పనిచేస్తూ ఉండగా చూడాలి గనుక, దుంపలు ఊరే వేళకు బూట్లు వేసుకుని వచ్చెయ్యి.