దేవుడి గది గోడకి పసుపు మరక

తమ్ముడూ,

రేపు నీ సంవత్సరీకం. నువ్వు సగంలో వదిలి వెళ్లిన దేవుడి గదిలోనే దీపం పెట్టాలని, గోడకి బిగించిన జిప్సం బోర్డుల మధ్య అతుకులు నేనే పూడ్చాను. టేపు అంటించి, గోడ నున్నన చేసే లప్పం మందంగా రాస్తే బీటలిచ్చింది. రేపల్లె నుంచి వచ్చిన చెల్లి, "గోడకి దిబ్బరొట్టె వేశావేంటక్కా!" అని నవ్వింది. గీకేసి, పల్చగా రాసి, ఆరాక ఇంకో పూత వేసి, ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాను.

రంగు వేయకముందే ఆత్రం కొద్దీ, నువ్వు చివరగా బిగించిన బోర్డు అతుకు మీద పసుపు బొట్టు పెట్టాను. లప్పం పీల్చేసుకుంది.

"గీకెయ్యక్కా, రంగులోంచి కూడా కనపడుద్ది" అంది చెల్లి.

కళ్లు మూసుకుని గోడంతా తడిమాను. ఒక్క అతుకూ చేతికి తగల్లేదు. కళ్లు తెరిస్తే, నీ పని ఎక్కడ ఆగిందో ఆ పసుపే చూపించింది.

ఉండనీ అన్నాను.

అక్క