ఎడమ కనుబొమ్మ

గురువుగారికి,

మీ ఎడమ చెవి కింది గడ్డను నేనే తీస్తాను. కానీ "దీపాలార్పేసి చీకట్లో కత్తి ఆడిస్తుందట! నాకలాంటివి వద్దు, నేను నేర్పినట్టే చెయ్యమను" అని అమ్మగారితో చెప్పి పంపారే, ఆ మాట మాత్రం వినను.

ముఖాన్ని కదిలించే నరం ఆ గడ్డను ఆనుకునే ఉంది. తెగితే మూతి వంకరపోతుంది, ఆ వైపు కన్ను మూతపడదు. మీకు తెలియంది కాదు. ముందుగా సూదిమందు ఇచ్చి, దీపాలార్పి నీలికాంతి వేస్తే, ఆ నరం కొమ్మలతో సహా పచ్చగా మెరుస్తుంది. దాని దారి చూసుకుని, మళ్లీ దీపాలు వేయించాకే కోస్తాను. చీకట్లో కత్తి ముట్టను, ఒట్టు.

మీ వేళ్లకు కళ్లున్నాయని ఆసుపత్రంతా అనేది. నిజమే. కానీ ఈసారి ఆ వేళ్లు బల్లమీద పడుకుని ఉంటాయి కదండీ!

సోమవారం పొద్దున్నే ఏమీ తినకుండా రండి. కాఫీ కూడా వద్దు, అమ్మగారిని కాపలా పెట్టాను.

థియేటర్లో నేను తప్పు చేసినప్పుడల్లా మీరు పల్లెత్తు మాట అనేవారు కాదు. మాస్కు పైన మీ ఎడమ కనుబొమ్మ లేచేది, నా చెయ్యి ఆగిపోయేది. మీకు మెలకువ రాగానే ఎదురుగా నిలబడతాను. నా పనిలో వంక దొరక్కపోయినా సరే, దాన్ని ఒక్కసారి లేపండి.

మీ శిష్యురాలు